సీసా మీద పేరొకరిది, లోపలి బీరు ఇంకొకరిది: చేతులు మారే కంపెనీలు, కాంట్రాక్టు బ్రూయింగ్

2024 అక్టోబరు 16న ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మద్యం షాపులు మళ్లీ తెరుచుకున్నాయి. అప్పట్నుంచి నెల్లూరు ట్రంకు రోడ్డులోనూ, ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ కౌంటర్ల దగ్గర తరచుగా వినపడే మాట ఒకటుంది: "ఇది ఒరిజినలేనా?" అంతకుముందు ఐదేళ్లు ప్రభుత్వ దుకాణాల్లో తెలిసిన బ్రాండ్లు దొరక్క, ఎప్పుడూ వినని పేర్ల బీర్లు కొన్న జనం వాళ్లు. కింగ్‌ఫిషర్, బడ్వైజర్ మళ్లీ వరసగా కనపడేసరికి సంతోషంతో పాటు అనుమానం కూడా వచ్చింది. సీసా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ఏదో తెలియని ఊరు. ఒక్కోసారి బ్రాండు పేరుకు సంబంధమే లేని కంపెనీ పేరు. 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక ఆ అనుమానం ఇంకా ముదిరింది.

నకిలీ మద్యం వేరు, వేరే కంపెనీ తయారు చేసిన అసలు మద్యం వేరు. మొదటిది నేరం. రెండోది ప్రపంచమంతటా నడిచే వ్యాపార పద్ధతి. దాన్నే కాంట్రాక్టు బ్రూయింగ్ అంటారు. మన పరిశ్రమలో వాడుక మాట "టై-అప్". దీనికి తోడు గత పాతికేళ్లలో దేశంలోని పెద్ద బీరు కంపెనీల్లో చాలావరకు చేతులు మారాయి. ఈ రెండూ కలిసిపోవడంతో ఎవరి బీరు ఎవరు తయారు చేస్తున్నారో, లాభం ఎవరికి పోతోందో మామూలు మనిషికి అంతుపట్టడం లేదు.

ఒక్క సీసాకు ముగ్గురు సొంతదారులు

బీరు సీసా వెనక మూడు వేర్వేరు ఆస్తులుంటాయి. మొదటిది బ్రాండు, అంటే పేరు, లోగో, తయారీ విధానం. రెండోది బ్రూవరీ, అంటే ట్యాంకులు, బాయిలరు, బాట్లింగ్ లైను, వాటితో పాటు ప్రభుత్వం ఇచ్చిన తయారీ లైసెన్సు. మూడోది ఈ రెండింటినీ పట్టుకుని ఉన్న కంపెనీల షేర్లు. మూడూ ఒకరి దగ్గరే ఉండాలని ఏ రూలూ లేదు. చాలా సందర్భాల్లో ఉండవు కూడా.

నెల్లూరు వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఒకే రైసు మిల్లులో ఆడిన బియ్యం నాలుగు రకాల బ్రాండు సంచుల్లోకి పోవడం, సంచి మీద పేరున్న వ్యాపారికి అసలు మిల్లే లేకపోవడం ఇక్కడ ఎప్పట్నుంచో ఉన్నదే. మిల్లరుకు ఆడించిన కూలి వస్తుంది, మంచిపేరూ చెడ్డపేరూ సంచి మీది బ్రాండుకు పోతుంది.

ఒకటే తేడా. బియ్యం సంచి మీద పేరు మార్చుకోవాలంటే ప్రింటింగ్ ప్రెస్సుకు ఫోన్ చేస్తే చాలు. బీరు సీసా మీద ఒక్క అక్షరం మార్చాలన్నా ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి. ఈ వ్యాసంలో వచ్చే చిక్కుల్లో సగం అక్కడే పుడతాయి.

డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి?

లైసెన్సు, కాంట్రాక్టు, లీజు అనే మూడు మాటల్ని పేపర్లు కూడా కలగాపులగం చేసి రాస్తుంటాయి. డబ్బు ఏ దిక్కుకు పోతుందో చూస్తే గందరగోళం ఉండదు.

లైసెన్సు ఒప్పందంలో బ్రూవరీవాడు బ్రాండువాడికి రాయల్టీ కడతాడు. బీరు తయారు చేసేదీ, అమ్ముకునేదీ, లాభనష్టాలు మోసేదీ బ్రూవరీయే. విదేశీ బ్రాండ్లు కొత్త దేశంలో అడుగుపెట్టేటప్పుడు ఎక్కువగా పట్టుకునే దారి ఇది.

కాంట్రాక్టులో డబ్బు తిరగబడుతుంది. బ్రాండువాడే బ్రూవరీకి కేసుకు ఇంతని తయారీ ఫీజు కడతాడు. మాల్టు, హాప్స్ లాంటి ముడిసరుకు, సీసాలు, లేబుళ్లు అతనే తెచ్చివ్వచ్చు, లేదా బ్రూవరీ కొని లెక్క పంపచ్చు. అమ్మకం, ప్రచారం, నష్టం అన్నీ బ్రాండువాడివే.

లీజులో ఫ్యాక్టరీనే మొత్తంగానో, కొంత భాగమో అద్దెకు తీసుకుంటారు. మనుషులూ, నిర్వహణా అద్దెకు తీసుకున్నవాడివి. కాగితాల మీద లైసెన్సు మాత్రం పాత యజమాని పేరుతోనే ఉండే ఏర్పాట్లు కూడా కనపడతాయి. వివాదాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఫ్యాక్టరీలో తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది లైసెన్సు ఉన్నవాడా, నడుపుతున్నవాడా అన్న ప్రశ్న లేస్తుంది. చట్టం మొదట పట్టుకునేది లైసెన్సు ఉన్నవాడినే.

అద్దె ట్యాంకులో బీరు ఎలా తయారవుతుంది

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్టు అంటారు. దాన్ని పిండి చేసి వేడినీళ్లలో నానబెడితే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీటిని వడగట్టి, చేదునిచ్చే హాప్స్ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలునూ కార్బన్ డయాక్సైడునూ వదులుతుంది. తర్వాత చల్లటి ట్యాంకులో నిలవబెట్టి, వడపోసి, సీసాల్లో నింపి పాశ్చరైజ్ చేస్తారు. మన దేశంలో చాలా లాగర్ బీర్లలో మాల్టుతో పాటు బియ్యమో, మొక్కజొన్నో, చక్కెరో కూడా పడుతుంది. బార్లీ పండని మన వైపు నుంచి బీరుకు పనికొచ్చేవి నూకల్లాంటివే.

ఈ పనిలో ఎక్కువ కాలం తినేది ట్యాంకు. కాచడం ఒక్క రోజు పని. పులియడానికీ, నిలవకూ కలిపి రెండు మూడు వారాలు పడుతుంది. 650 మిల్లీలీటర్ల సీసాలు పన్నెండు ఒక కేసు, అంటే 7.8 లీటర్లు. 78,000 లీటర్ల ట్యాంకు ఉందనుకుందాం. దాంట్లో పదివేల కేసుల బీరు పడుతుంది. బీరు ఇరవై రోజులు ట్యాంకులో ఉంటే రెండు నెలల్లో మూడుసార్లు నింపొచ్చు, ముప్పై వేల కేసులు వస్తాయి. ట్యాంకు ఖాళీగా ఉన్న ప్రతి రోజూ బ్రూవరీకి నష్టమే. కాంట్రాక్టు బ్రూయింగ్ అనేది పుట్టిందే ఆ ఖాళీ రోజుల్ని అమ్ముకోవడానికి.

లెక్క వేసి చూద్దాం

ఈ అంకెలన్నీ విషయం అర్థం కావడానికి నేను ఊహించి వేసినవి, ఏ కంపెనీవీ కావు.

ఒక బ్రూవరీ నెలకు 4 లక్షల కేసులు తయారు చేయగలదు. సొంత బ్రాండ్లకు గిరాకీ 2 లక్షల కేసులే. అప్పుల వడ్డీ, జీతాలు, లైసెన్సు ఫీజులు కలిపి నెలకు కదలని ఖర్చు 2 కోట్లు. అంటే కేసుకు 100 రూపాయలు. ఇంకో బ్రాండువాడు వచ్చి నెలకు లక్ష కేసులు తయారు చేసి పెట్టమన్నాడు, కేసుకు 60 రూపాయలు ఇస్తానన్నాడు, సరుకు తనదే. ఆవిరి, కరెంటు, కడిగే మందులు, కూలి కలిపి బ్రూవరీకి అదనంగా అయ్యేది కేసుకు 25. చేతికి 35 మిగిలింది. నెలకు 35 లక్షలు, కొత్తగా ఒక్క ట్యాంకు కూడా కొనకుండా.

ఇప్పుడు బ్రాండువాడి వైపు నుంచి. సొంతంగా బ్రూవరీ పెడితే కదలని ఖర్చు నెలకు కోటిన్నర అనుకుందాం. లక్ష కేసులకు పంచితే కేసుకు 150, పైన తయారీ ఖర్చు 25, మొత్తం 175. కాంట్రాక్టులో 60తో పోతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. మద్యం తయారు చేసి పెట్టే పని మాత్రం జీఎస్టీలోకి వస్తుంది. దాని మీద 18 శాతం పన్ను అని 2021 సెప్టెంబరులో జరిగిన 45వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తేల్చింది. బీరు ఆహార పదార్థం కిందికి వస్తుంది కాబట్టి 5 శాతమే వేయాలన్న వాదన అక్కడితో ఆగింది. 60 మీద 18 శాతం అంటే 10 రూపాయల 80 పైసలు. అమ్మే బీరు మీద జీఎస్టీ లేదు కనుక ఈ పన్నును వెనక్కి తీసుకునే దారి కూడా లేదు. మొత్తం 70 రూపాయల 80 పైసలు.

అయినా 175 ఎక్కడ, 70.80 ఎక్కడ? అమ్మకాలు పెరిగే కొద్దీ మాత్రం ఈ తేడా కరిగిపోతుంది. నెలకు సుమారు 3 లక్షల 28 వేల కేసుల దగ్గర రెండు దారులూ సమానమవుతాయి. అది దాటితే సొంత ఫ్యాక్టరీయే చవక. చిన్న బ్రాండ్లు కాంట్రాక్టుతో మొదలుపెట్టి, పెరిగాక సొంత గూడు వెతుక్కోవడానికి కారణం ఇదే.

లెక్కలో ఇంకా ఎండాకాలం రాలేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ముఖ్యంగా రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎండల గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. బీరు గిరాకీ అప్పుడే. మే నెలలో బ్రూవరీ సొంత బ్రాండ్లకే 4 లక్షల కేసులు కావాల్సి వస్తే ముందు ఎవరి ట్యాంకు ఖాళీ చేయిస్తారు? బయటివాడిదే. అందుకే ఒప్పందాల్లో రెండు షరతుల మీద గట్టి బేరం జరుగుతుంది. ఎండాకాలంలో కూడా ఇంత సామర్థ్యం నాకు కేటాయించాలని బ్రాండువాడు పట్టుబడతాడు. వానాకాలంలో సరుకు తీసుకున్నా తీసుకోకపోయినా ఇంత కట్టాలని బ్రూవరీ పట్టుబడుతుంది.

రణస్థలం నుంచి రావాలి, తిరువళ్లూరు నుంచి కాదు

భారతదేశంలో కాంట్రాక్టు బ్రూయింగ్‌కు డబ్బు లెక్క కన్నా పెద్ద కారణం ఒకటుంది, అది రాష్ట్ర సరిహద్దు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో మద్యం ఎనిమిదో అంశం, మద్యం మీద ఎక్సైజ్ సుంకం యాభై ఒకటో అంశం. అంటే తయారీ, రవాణా, అమ్మకం, పన్ను అన్నీ ఎక్కడికక్కడ రాష్ట్రం చేతిలోనే. ఒక రాష్ట్రంలో తయారైన బీరు ఇంకో రాష్ట్రంలోకి పోవాలంటే అక్కడ ఎగుమతి ఫీజు, ఇక్కడ దిగుమతి ఫీజు, రెండు చోట్లా పర్మిట్లు. బీరులో తొంభై శాతం పైగా నీళ్లే, మీద గాజు సీసా బరువు. విస్కీ సీసా భరించినట్టు ఈ ఖర్చుల్ని బీరు సీసా భరించలేదు.

నెల్లూరు నుంచి ఒక్కసారి మ్యాపు చూడండి. చెన్నై పక్కన తిరువళ్లూరు జిల్లాలో బ్రూవరీలున్నాయి. తడ దాటితే తమిళనాడే, దూరం రెండొందల కిలోమీటర్ల లోపు. కింగ్‌ఫిషర్ తయారు చేసే యునైటెడ్ బ్రూవరీస్‌కు మన రాష్ట్రంలో ఉన్న ఫ్యాక్టరీ శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర బంటుపల్లిలో, ఆరొందల కిలోమీటర్లకు పైమాటే. వ్యాపారం ప్రకారం చూస్తే దగ్గరిది మేలు. చట్టం ప్రకారం రాష్ట్రంలోపలిదే మేలు. లేబుళ్ల మీద ఏ రాష్ట్రంలో అమ్మకానికో రాసి ఉండటానికి కారణం కూడా ఇదే. 2014 విభజన దీన్ని ఇంకా చిక్కు చేసింది. ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద బ్రూవరీలు చాలావరకు సంగారెడ్డి చుట్టుపక్కలే ఉండేవి. ఒక్క రాత్రిలో అవి పక్క రాష్ట్రంవి అయిపోయాయి.

కాబట్టి దేశమంతా అమ్మాలనుకునే బ్రాండుకు ప్రతి పెద్ద రాష్ట్రంలోనూ ఒక వంటిల్లు కావాలి. అన్ని చోట్లా సొంతంగా కట్టుకునే స్తోమత ముగ్గురు నలుగురికే ఉంటుంది. మిగతావాళ్లకు టై-అప్పే గతి.

మన రాష్ట్రంలో దీనికి తోడు విధానాల భయం ఒకటుంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడింది 1990ల మొదట్లో. ఆ ఉద్యమం నెల్లూరు జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. 2019లో షాపులు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024లో మళ్లీ ప్రైవేటుకు. దీన్ని వ్యాపారి కళ్లతో చూస్తే అర్థమయ్యేది ఒకటే. వందల కోట్లు పోసి ఫ్యాక్టరీ కడితే, ఒక్క జీవోతో అది మూతపడొచ్చు. కాంట్రాక్టు అయితే ఒప్పందం ముగించుకుని వెళ్లిపోవచ్చు. దూబగుంట మహిళలు కోరుకున్నది మద్యం పోవాలని, దాని తయారీ ఎవరిదో మారాలని కాదు. కానీ ఇక్కడ సొంత ఫ్యాక్టరీ పెట్టాలనుకునే ఏ కంపెనీ అయినా ఆ చరిత్రను లెక్కలోకి తీసుకోకుండా ఉండదని నా అభిప్రాయం.

యజమాని మారాడు, లేబుల్ మారలేదు

ఇప్పటికీ కొందరు కింగ్‌ఫిషర్‌ను "మాల్యా బీరు" అంటారు. 1915లో థామస్ లీష్‌మన్ దక్షిణాది చిన్న బ్రూవరీలు ఐదింటిని కలిపి పెట్టిన యునైటెడ్ బ్రూవరీస్ స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో విఠల్ మాల్యా చేతికి, తర్వాత విజయ్ మాల్యాకు వచ్చింది. బ్రిటిష్ కంపెనీ స్కాటిష్ అండ్ న్యూకాజిల్‌కు ఇందులో పెద్ద వాటా ఉండేది. 2008లో ఆ కంపెనీని నెదర్లాండ్స్ (డచ్చి) కంపెనీ హైనెకెన్, డెన్మార్క్ కంపెనీ కార్ల్స్‌బర్గ్ కలిసి కొని పంచుకున్నాయి. అలా భారత వాటా హైనెకెన్‌కు వచ్చింది. ఎక్కడో యూరప్‌లో జరిగిన పంపకంతో ఇక్కడి కంపెనీలో భాగస్వామి మారిపోయాడు. 2021 జూన్‌లో మాల్యా అప్పుల వసూలు కోసం రుణ వసూళ్ల ట్రిబ్యునల్ ద్వారా అమ్మిన షేర్లను కొని హైనెకెన్ తన వాటాను 46.5 నుంచి 61.5 శాతానికి పెంచుకుంది. దాంతో కంపెనీ డచ్చివాళ్ల చేతికి వచ్చింది.

సీసా మీద ఏం మారింది? దాదాపు ఏమీ లేదు. చేతులు మారింది షేర్లే. తయారీ లైసెన్సు, లేబుల్ రిజిస్ట్రేషన్ కంపెనీ పేరు మీద ఉన్నాయి, కంపెనీ పేరు అదే. ఎక్సైజ్ శాఖకు కనపడేది కంపెనీ, వాటాదారు కాదు.

హేవార్డ్స్ 5000 కథ ఇంకా పొడుగు. షా వాలెస్ అనే మన దేశపు మద్యం కంపెనీ బ్రాండు అది. 2003లో విదేశీ బీరు కంపెనీ సాబ్‌మిల్లర్‌తో ఉమ్మడి కంపెనీలోకి వెళ్లింది, 2005లో పూర్తిగా సాబ్‌మిల్లర్‌ది అయింది. 2016 అక్టోబరులో వంద బిలియన్ డాలర్లకు పైబడిన బేరంలో సాబ్‌మిల్లర్ మొత్తాన్నే బడ్వైజర్ సొంతదారు ఏబీ ఇన్‌బెవ్ మింగేసింది. అలా బడ్వైజర్, హేవార్డ్స్, నాకౌట్ ఒకే గూటికి చేరాయి. షాపులో పక్కపక్కనే పోటీ పడుతున్నట్టు కనపడే సీసాలు ఒకే ఖాతాలోకి పోతున్నాయన్నమాట.

కొన్నిసార్లు దీనికి రివర్సు కూడా జరుగుతుంది. పేరు ఒకటే, యజమానులు వేరు. ఫోస్టర్స్ ఆస్ట్రేలియాలో జపాన్ కంపెనీ అసాహిది, యూరప్‌లో హైనెకెన్‌ది. భారతదేశంలో ఆ బ్రాండునూ ఔరంగాబాద్ బ్రూవరీనీ 2006లో సాబ్‌మిల్లర్ కొనడంతో ఇప్పుడు ఏబీ ఇన్‌బెవ్‌ది. కరోనా బీరు అమెరికాలో కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్‌ది, మిగతా ప్రపంచంలో ఏబీ ఇన్‌బెవ్‌ది. గుత్తాధిపత్యం వద్దని అమెరికా ప్రభుత్వం పట్టుబట్టడంతో 2013లో జరిగిన విభజన అది. "ఈ బ్రాండు ఎవరిది" అన్న ప్రశ్నకు ఏ దేశంలో అన్నది తెలియకుండా జవాబు ఉండదు.

ఒక్క మాట తీసేస్తే అమ్మకాలు ఆగాయి

యజమానే మారినా సీసా చెక్కుచెదరలేదు కదా. ఇప్పుడు దానికి పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణ చూద్దాం.

బీరా 91 అనే బ్రాండు 2015లో వచ్చింది. మొదట్లో సొంత బ్రూవరీ లేదు. బెల్జియంలో కాంట్రాక్టు మీద తయారు చేయించి దిగుమతి చేసేవాళ్లు. గిరాకీ పెరిగాక తయారీని మన దేశానికి మార్చారు, ఇక్కడా కాంట్రాక్టుతోనే మొదలు. జపాన్ కంపెనీ కిరిన్ పెట్టుబడి పెట్టింది. పైన వేసిన లెక్కకు ఇది చక్కటి ఉదాహరణ.

తర్వాత స్టాక్ మార్కెట్ ఆలోచనతో కంపెనీ తన పేరులోంచి "ప్రైవేట్" అన్న మాట తీసేసింది. బీ9 బెవరేజెస్ ప్రైవేట్ లిమిటెడ్ కాస్తా బీ9 బెవరేజెస్ లిమిటెడ్ అయింది. యజమానులు వాళ్లే, బీరు అదే, ఫ్యాక్టరీ అదే. రాష్ట్రాల ఎక్సైజ్ శాఖలకు మాత్రం ఇది కొత్త పేరు, అంటే కొత్త కంపెనీ. లేబుళ్లన్నీ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. నెలల తరబడి చాలా చోట్ల అమ్మకాలు నిలిచిపోయాయి, పాత పేరుతో ఉన్న సరుకు పారబోయాల్సి వచ్చింది. 2023-24లో కంపెనీ నష్టం 748 కోట్ల రూపాయలు. ఆ నష్టమంతా పేరు మార్పు వల్లనే అనడం సరికాదు, అంతకుముందూ నష్టాలే. కానీ దెబ్బ కోలుకోలేనంతగా తగిలింది.

రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెడితే విచిత్రం కనపడుతుంది. వేల కోట్ల షేర్లు చేతులు మారి కంపెనీ పగ్గాలు విదేశానికి పోతే కౌంటరు దగ్గర ఎవరికీ తెలియలేదు. పేరులో ఒక్క మాట పోతే సరుకే పోయింది. మన ఎక్సైజ్ వ్యవస్థ చూసేది సీసానూ, కాగితాన్నీ. వాటి వెనక డబ్బు ఎవరిదో దానికి పెద్దగా పట్టదు. పన్ను ఎగవేత ఆపడానికి కట్టిన వ్యవస్థ కాబట్టి అలా ఉండటంలో తప్పేమీ లేదనేవాళ్లున్నారు. పారదర్శకత కోసమే అయితే ఇది తలకిందులుగా ఉందనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండో మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది.

ఫ్యాక్టరీ మారితే రుచి మారుతుందా?

కంపెనీలు మారదంటాయి. ఈస్టు మేమే పంపుతాం, తయారీ విధానం మాదే, మా మనుషులే వచ్చి ప్రతి బ్యాచ్ పరీక్షిస్తారు అంటాయి. నీళ్ల తేడా గురించిన పాత వాదన కూడా ఇప్పుడు బలహీనపడింది. బ్రూవరీలు నీటిని శుద్ధి చేసి, కావాల్సిన లవణాలను కొలిచి కలుపుతున్నాయి. పెద్ద కంపెనీలు పది పదిహేను ఫ్యాక్టరీల్లో ఒకే రుచి తెస్తున్నాయంటే అది సాధ్యమేనని ఒప్పుకోవాలి.

అటువైపు వాదనా తేలిగ్గా తీసిపారేసేది కాదు. ట్యాంకు ఎత్తు, ఆకారం మారితే ఈస్టు వదిలే వాసనలు మారతాయి. ట్యాంకులు తొందరగా ఖాళీ చేయాలన్న ఒత్తిడి కాంట్రాక్టులో ఎక్కువ. నాలుగు రోజులు ముందే తీసేస్తే బీరు పచ్చిగా ఉంటుంది. రెండు బ్రాండ్ల మధ్య పైపులు కడగడంలో అశ్రద్ధ జరిగితే తేడా తెలుస్తుంది. ఒప్పందంలో ఇవన్నీ రాసుకుంటారు. రాసుకున్నది రాత్రి షిఫ్టులో అమలవుతుందా అన్నది మేనేజరును బట్టి ఉంటుంది.

నా మటుకు నాకు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో "రుచి మారింది" అనే ఫిర్యాదుల్లో ఫ్యాక్టరీ పాత్ర కన్నా ఎండ పాత్రే ఎక్కువనిపిస్తుంది. పాశ్చరైజ్ చేసిన బీరు కూడా వేడికి తొందరగా ముసలిదవుతుంది, అట్టముక్క వాసన వస్తుంది. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపలేదు. మే నెలలో లారీలో, రేకుల షెడ్డులో వారం గడిపిన సీసాకు అది ఏ ఊళ్లో పుట్టిందన్నది చివరి సమస్య. స్ట్రాంగ్ బీరు విషయంలో అయితే ఈ సున్నితమైన తేడాలు పట్టుకోవడం ఇంకా కష్టం. మన నిబంధనల ప్రకారం ఆల్కహాలు 5 శాతం దాటి 8 శాతం వరకు ఉంటే స్ట్రాంగ్. ఆ ఘాటు మిగతా రుచుల్ని కప్పేస్తుంది.

చెప్పకుండా చేస్తే మోసమవుతుందా?

జర్మనీ బీరుగా పేరున్న బెక్స్‌ను 2012 నుంచి అమెరికా అమ్మకాల కోసం సెయింట్ లూయిస్‌లోనే తయారు చేయడం మొదలుపెట్టారు. జర్మన్ బీరని దిగుమతి ధర పెట్టి కొన్నామని కొందరు కోర్టుకెళ్లారు. 2015లో సుమారు 20 మిలియన్ డాలర్ల రాజీతో కేసు ముగిసింది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో నిజం రాసే ఉంది. పెద్ద అక్షరాల్లో జర్మనీ పేరు ఉండటం జనాన్ని తప్పుదారి పట్టించిందన్నదే వాదన.

శామ్యూల్ ఆడమ్స్ అనే అమెరికా బీరుది ఇంకో రకం కథ. 1984లో పుట్టిన దాని సొంతదారు బోస్టన్ బీర్ కంపెనీ తొలి రోజుల్లో పిట్స్‌బర్గ్‌లోని పాత బ్రూవరీలో కాంట్రాక్టుకు తయారు చేయించేది. చేతితో చేసిన చిన్న బీరని చెప్పుకుంటూ పెద్ద ఫ్యాక్టరీల్లో చేయిస్తున్నారని 1996లో బడ్వైజర్ తయారు చేసే ఆన్‌హైజర్-బుష్ దాన్ని దుమ్మెత్తిపోసింది. దానికి కంపెనీ జవాబు, వంటగది అద్దెది అయినా వంట మాదే అని. అమెరికాలో సొంత బ్రూవరీ లేని ఎందరో చిన్న తయారీదారులు ఆ జవాబుతోనే నిలబడ్డారు.

మన కింగ్‌ఫిషర్ కూడా ఇంగ్లండులో చాలా ఏళ్లు కెంట్ కౌంటీ ఫేవర్‌షమ్‌లోని షెపర్డ్ నీమ్ అనే బ్రూవరీలో తయారైంది. అక్కడి ఇండియన్ హోటళ్లలో కూర్చుని భారతదేశపు బీరు తాగుతున్నామనుకున్న ఇంగ్లీషువాళ్లు తాగింది ఇంగ్లీషు బీరే.

మన దగ్గర లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా తప్పనిసరి. ఎవరి కోసం తయారు చేశారో, ఎవరు మార్కెట్ చేస్తున్నారో కూడా కనపడుతుంది. ములకలచెరువు కేసు తర్వాత రాష్ట్రం తెచ్చిన "ఎక్సైజ్ సురక్ష" యాప్‌తో సీసా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సరుకు అసలుదో కాదో తెలుస్తుంది. బ్రాండు పేరు ఒకటి, తయారీదారు పేరు ఇంకొకటి ఉండటం ఆ పరీక్షలో తప్పు కిందికి రాదు.

అద్దెకున్నవాడి కష్టం, ముగ్గురి చేతిలో మార్కెట్

బ్రూవరీలు కొద్దిమంది చేతుల్లోనే ఉంటే కాంట్రాక్టు బ్రాండ్ల ప్రాణం పోటీదారు చేతికి పోతుంది. అమెరికాలో పాబ్‌స్ట్ అనే బీరు కంపెనీ దీనికి గట్టి ఉదాహరణ. మిల్వాకీలోని సొంత బ్రూవరీ 1996లో మూతపడ్డాక ఆ కంపెనీ క్రమంగా బ్రాండు పేర్ల మూట మాత్రమే మిగిలిన వ్యాపారం అయింది. బీరు తయారీకి 1999 నుంచి పోటీ బీరు కంపెనీ మిల్లర్‌తో ఒప్పందం. దాన్ని పొడిగించకుండా మమ్మల్ని చంపాలని చూస్తున్నారని పాబ్‌స్ట్ కోర్టుకెక్కింది. 2018 నవంబరులో జ్యూరీ తీర్పు చెప్పేలోపే రెండు పక్షాలూ రాజీపడ్డాయి.

మన దేశంలో బీరు మార్కెట్‌లో సింహభాగం యునైటెడ్ బ్రూవరీస్, ఏబీ ఇన్‌బెవ్, కార్ల్స్‌బర్గ్‌లది. 2009 నుంచి 2018 దాకా ఈ కంపెనీలు కూడబలుక్కుని ధరలు పెంచాయని కాంపిటీషన్ కమిషన్ 2021 సెప్టెంబరులో తేల్చి మొత్తం 873 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అందులో 750 కోట్లకు పైగా యునైటెడ్ బ్రూవరీస్‌ది. గుట్టు ముందుగా విప్పినందుకు ఏబీ ఇన్‌బెవ్‌కు మినహాయింపు దొరికింది. అటువంటి మార్కెట్‌లో చిన్న బ్రాండు పెద్ద కంపెనీ ట్యాంకులో బీరు కాయించుకుంటే, ఎన్ని కేసులు అమ్ముతోందో, ఎండాకాలానికి ఎంత సిద్ధమవుతోందో పోటీదారుకు ముందే తెలిసిపోతుంది. అందుకని చాలామంది ఏ పెద్ద గ్రూపుకూ చెందని ప్రాంతీయ బ్రూవరీలను వెతుక్కుంటారు. అవి రోజురోజుకూ తగ్గుతున్నాయి, ఎందుకంటే పెద్ద కంపెనీలు కొనేస్తున్నాయి.

ఈ బలాబలాలన్నీ కంపెనీల మధ్యే అనుకుంటే పొరపాటు. ఇక్కడ కొనేది రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్, కంపెనీకి ఇచ్చే ధర నిర్ణయించేదీ రాష్ట్రమే. తెలంగాణలో ఏళ్ల తరబడి ధర పెంచలేదని, బకాయిలు పేరుకున్నాయని 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం 15 శాతం పెంచింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి ఆపగలిగింది. నెలకు లక్ష కేసులు కాంట్రాక్టుకు చేయించుకునే బ్రాండు ఆపితే, దాని స్థానంలో డిపోకు ఇంకో సీసా వచ్చి చేరుతుంది, బ్రూవరీకి కట్టాల్సిన కనీస ఫీజు మాత్రం నెలనెలా నడుస్తూనే ఉంటుంది.